పిలుపు వచ్చాకే మెట్లు

మునిసిపల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేసరికి నా రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. మోచేత్తో స్పీకరు నొక్కాను.

"కోస్కెలా వాళ్ళిల్లేనా? మీ డెక్‌కి అనుమతి వచ్చిందమ్మా. వచ్చి కాగితం తీసుకెళ్ళండి" అంది అవతలి ఆవిడ, బయట మబ్బు పట్టిందని చెప్పినంత మామూలుగా.

ఆవిడ ఫోన్ పెట్టేశాక కూడా నేను థాంక్స్ చెబుతూనే ఉన్నాను. పిండి చేతులతోనే పడగ్గదిలోకి పరిగెత్తాను. జోయెల్ ఇనుప గనిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి బోర్లా పడుకుని ఉన్నాడు.

"లే జోయెల్. మన డెక్ వచ్చేసింది."

"ఎక్కడికి వచ్చింది?" అన్నాడు దిండులోంచి.

అది ఏప్రిల్ నెలాఖరు. ఇంటికి ఉత్తరం వైపు ఇంకా మంచు కుప్ప కరగలేదు. మాకు పెళ్ళయి ఆరు నెలలు. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ పండగే. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఉండడం పండగ. పోస్టు డబ్బా మీద మార్నీ కోస్కెలా అని నా పేరు చూసుకోవడం పండగ. అన్నిటికన్నా పెద్ద పండగ మా వంటింటి వెనక తలుపు. అది గాలిలోకి తెరుచుకుంటుంది. పాత యజమాని పుచ్చిపోయిన మెట్లు పీకేసి, ఎవరూ పడిపోకుండా గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క కొట్టి వెళ్ళిపోయాడు. కింద మనిషి ఛాతీ లోతున గడ్డి నేల. ఇల్లు చూడటానికి వచ్చిన వాళ్ళందరూ ఆ తలుపు చూసి నవ్వారట. నేను మాత్రం దాన్ని చూసే, దాని ముందు గుమ్మం ఎత్తున చెక్క అరుగులాంటి డెక్ కట్టుకోవచ్చని, ఇల్లు కొందామన్నాను. రోజూ పొద్దున్నే అది తెరిచి, అడ్డచెక్క మీద మోచేతులు ఆనించి కాఫీ తాగేదాన్ని.

ఆ మధ్యాహ్నం పెరట్లో నాలుగు మేకులు పాతి, వాటి చుట్టూ దారం కట్టాం. దారం మధ్యలో రెండు కుర్చీలు వేసుకుని, చలికోట్లు తొడుక్కుని కూర్చున్నాం. అప్పుడే కాల్చిన రొట్టె, వెన్న, వేడి కాఫీ. జోయెల్ బూటు కాళ్ళు గాలిలోకి చాపి, ఏదో ఉన్నట్టే ఆనించాడు.

"రెయిలింగ్ మీంచి కాళ్ళు తియ్యి. పెయింటు తడిగా ఉంది" అన్నాను.

"ఇంకా ఆరలేదా? ఏం పెయింటరువి నువ్వు?"

ఫ్రిజ్‌కి గళ్ళ కాగితం అంటించి మూడు రంగుల్లో మూడు బడ్జెట్లు రాశాను. వాటికి రాణి, మంత్రి, బంటు అని పేర్లు పెట్టాను. రాణిలో ఎప్పటికీ పుచ్చని కొత్తరకం పలకలు, చుట్టూ బెంచీ, రెయిలింగ్ కింద దాక్కునే దీపాలు, కట్టడానికి కాంట్రాక్టరు. మంత్రిలో దేవదారు పలకలు, బెంచీ లేదు. బంటులో చవక పైన్ చెక్క, రెక్కలు మావే. డబ్బు పెళ్ళినాటిది. మా వైపు పెళ్ళికూతురితో ఒక డాన్సు చెయ్యాలంటే కాఫీ డబ్బాలో నోటు వేయాలి. నాతో డాన్సు చెయ్యని వాళ్ళు ఆ ఊళ్ళో మిగల్లేదు, నేను బడిలో సంగీతం నేర్పే పిల్లల తాతలతో సహా. ఆ డబ్బా మీద జోయెల్ ముందే 'డెక్' అని రాసిపెట్టాడు.

వారం రోజులు వాదించుకుని రాణికీ మంత్రికీ మధ్య సంధి చేసుకున్నాం. కాంట్రాక్టరు జూన్‌లో వస్తానన్నాడు.

* * *

మే నెల మధ్యలో ఒకరోజు, పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిన మనిషి పది కాకుండానే తిరిగొచ్చాడు. నాకు ఆ రోజు మధ్యాహ్నం క్లాసులే కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. జోయెల్ తన భోజనం డబ్బా వంటింటి గట్టు మీద పెట్టి, మూత తీసి, నిలబడే శాండ్‌విచ్ మొత్తం తిన్నాడు. తిన్నాక నోరు తుడుచుకుని చెప్పాడు.

"గని ఆపేస్తున్నారు. పదేళ్ళ సర్వీసు లేని వాళ్ళందరికీ లేఆఫ్."

జోయెల్‌ది ఎనిమిదేళ్ళ సర్వీసు.

"ఎన్నాళ్ళు?"

"పిలిచేదాకా."

ఏం చెయ్యాలో తెలియక ఖాళీ డబ్బా కడిగాను. తర్వాత ఫ్రిజ్ మీది గళ్ళ కాగితం తీసి మడిచి సొరుగులో పెట్టాను.

సాయంత్రం మా మామగారు రూడీ వచ్చారు. ఆయనా ఆ గనిలోనే పనిచేసి రిటైరయ్యారు. మా అత్తగారు పోయినప్పటినుంచీ భోజనాల వేళకి ఏదో ఒక పనిముట్టు పట్టుకుని మా ఇంటికి రావడం ఆయనకి అలవాటు. ఆ రోజు తెచ్చింది రసమట్టం. కొడుకు భుజం మీద ఒక్క చరుపు చరిచి, ఫ్రిజ్ వైపు చూశారు.

"కాగితం ఏది?"

"తీసేశాను రూడీ. ఇప్పుడు డెక్ ఏం కడతాం?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు కడతావు పిల్లా?" అన్నారు. వెనక తలుపు తెరిచి, అడ్డచెక్క మీదుగా వీధి పొడవునా వేలు చూపించారు. "కాంట్రాక్టరు కట్టిన డెక్ ఈ వీధిలో ఒక్కటి చూపించు. ఆ నీలం ఇంటిది పెద్ద లేఆఫ్ నాటిది. దాని పక్కది సమ్మె ఏడాది కట్టింది. మా ఇంటి గ్యారేజీ, దాని వెనక ఆవిరి స్నానాల సానా, రెండూ నేను ఖాళీగా ఉన్నప్పటివే. పనుంటే డబ్బుంటుంది, తీరిక ఉండదు. పని లేకపోతే తీరిక ఉంటుంది, డబ్బుండదు. అందుకే మావన్నీ కొంచెం వంకర."

"నీది మాత్రం వంకర లేదన్నావుగా నాన్నా" అన్నాడు జోయెల్. ఆ రోజంతటిలో అతని మొహంలో నవ్వు లాంటిది కనబడటం అదే.

"నాది వంకర కాదు. నేల వంకర."

గళ్ళ కాగితం మళ్ళీ బయటికి తీశాను. బంటు కింద నాలుగో బడ్జెట్ రాసి దానికి 'రూడీ' అని పేరు పెట్టాను. అందులో కొనాల్సినవి సిమెంటు, మరలు, ఇంతే. దూలాలూ పలకలూ రూడీ పెరట్లో పట్టా కింద ఉన్నాయి. గని వాళ్ళు పాత షెడ్డు పడగొట్టినప్పుడు తెచ్చి దాచినవి. దేనికని అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు లేఆఫ్ రాకపోతుందా అన్నారు. మిగిలిన డెక్ డబ్బు ఇంటి వాయిదాలకి.

"ఒక్క మాట" అన్నారు రూడీ గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుంటూ. "మెట్లు మాత్రం పిలుపు వచ్చాకే."

నేను నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు.

"ఎందుకని?"

రాత్రి ఎందుకు చీకటి పడుతుందని అడిగిన పిల్లని చూసినట్టు చూశారు నన్ను. "ఎందుకేముంది? మా నాన్న అలాగే చేశాడు. నేనూ అలాగే చేశా. పిలుపు వచ్చిన సాయంత్రం మెట్లు కొట్టా, మర్నాడు పొద్దున్న వాటి మీంచే దిగి షిఫ్టుకెళ్ళా. ముందే కట్టినవాడు ఈ వీధిలో ఎవడూ లేడు."

"పోనీలే మార్నీ" అన్నాడు జోయెల్. "మెట్లెంత పని, ఒక్క పూట."

పక్కింటి వైపు ముగ్గురం ఒకేసారి చూశామనుకుంటాను. అక్కడ ఇర్మా అనే పెద్దావిడ ఉంటుంది. ఆవిడ డెక్‌కి రెయిలింగ్ ఉంది, పూలకుండీలున్నాయి, గాలికి మోగే గంటలున్నాయి. మెట్లు మాత్రం లేవు. ఆవిడ భర్త వాల్ట్ కట్టాడు దాన్ని, నేను పుట్టకముందు.

* * *

జూన్ అంతా గుంటలు తవ్వాం. మా దగ్గర పునాది గుంట మనిషి మెడ లోతుండాలి. లేకపోతే చలికాలంలో నేల బిగిసి ఉబ్బి, స్తంభాన్ని పంటిని పీకినట్టు పైకి నెట్టేస్తుంది. పైన అడుగు మట్టి, కిందంతా రాయి. రూడీ బోర్లించిన బకెట్ మీద కూర్చుని అజమాయిషీ.

"గుంట తీస్తున్నావా, పళ్ళు తోముతున్నావా?"

"మీరొచ్చి చూపించండి నాన్నగారూ" అనేవాడు జోయెల్, వెటకారంగా గారు తగిలించి.

"నాకు పెన్షన్ ఇచ్చేది కూర్చోడానికి."

నిజం చెప్పొద్దూ, ఆ నెల నాకు భలే బావుంది. బడికి సెలవులు. దోమలు మేఘాల్లా వచ్చేవి. వలటోపీ పెట్టుకుని, గునపం దెబ్బలకి తాళం వేస్తూ పాటలు పాడేదాన్ని. జోయెల్ వీపు మీద చెమటకి అంటుకున్న ఎర్రమట్టి చూస్తూ నిలబడిపోయేదాన్ని. సిమెంటు పోసిన రోజు, అది గట్టిపడకముందే ఇద్దరం బొటనవేళ్ళు పక్కపక్కన ఒత్తాం. ఎవరూ చూడరు, పైన స్తంభం వస్తుంది. చూడరు కనకనే అంత బావుంది.

వీధిలో వాళ్ళు తలా ఒకటీ తెచ్చారు. ఒకరు మరల పెట్టె, ఒకరు పాత రంపం. ఇర్మా మూడుసార్లు హాట్‌డిష్, మాంసమూ బంగాళాదుంపలూ కలిపి కాల్చిన వంటకం, చేసి తెచ్చింది. మూడుసార్లూ, "ఎక్కువైంది, పారెయ్యడం ఎందుకని" అంది, ఒక్కతే మనిషి అయి ఉండి.

జూలై నాలుగు పండగ నాడు తలుపుకి ఉన్న అడ్డచెక్క పీకేశాడు జోయెల్. పలకలు ఇంకా సగమే పరిచాం. ఆ సగం మీదికే నన్నెత్తుకుని గుమ్మం దాటించాడు. ఆ చివరా ఈ చివరా నడిచి చూశాను, చెప్పులు విప్పి. పాత షెడ్డు చెక్క కదా, ఎండకి కొంచెం ఇనుము వాసన వేసింది. ఊరి అవతల టపాసులు కాలుస్తుంటే ఇద్దరం అంచు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాం.

"దీని మీద ముసలాళ్ళమైపోదాం" అన్నాను.

"అప్పటికి మెట్లుంటాయా?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు.

* * *

ఆ వారంలోనే ఒక సాయంత్రం భోజనం దగ్గర చెప్పాడు.

"డులూత్‌లో ఓడలు బాగుచేసే యార్డు నుంచి ఫోన్ చేశారు. వెల్డర్ కావాలట. రోజూ వెళ్ళి రావచ్చు."

నేను ఫోర్కు కింద పెట్టేశాను. "మంచిదేగా జోయెల్."

"జీతం కొంచెం తక్కువ."

"తక్కువైతే ఏం?"

"మాట ఇవ్వమంటున్నాడు మేస్త్రీ. గని పిలిచినా వెళ్ళనని. ఇదివరకు మా గనివాళ్ళని తీసుకుంటే, పిలుపు వచ్చిన రోజే హెల్మెట్ అక్కడ పడేసి పోయారట. సెలవులయ్యాక, సెప్టెంబరులో లేబర్ డే మర్నాడు పొద్దున్నకల్లా చెప్పమన్నాడు. అప్పటిదాకా ఆగుతానన్నాడు, నా వెల్డింగు ఎవరో చెప్పారట."

"మాట ఇచ్చేసి, పిలిస్తే అప్పుడు చూసుకోవచ్చుగా" అన్నాను. సగం నవ్వులాటకే.

జోయెల్ నా వైపు చూసి మళ్ళీ ప్లేటులోకి చూసుకున్నాడు. ఆ చూపుకి నాకే సిగ్గేసింది. మాట ఇచ్చి తప్పే మనిషైతే నేను పెళ్ళి చేసుకునేదాన్నా.

రూడీకి తెలిసింది మర్నాడే. బకెట్ మీంచి లేచి నిలబడ్డారు.

"ఎనిమిదేళ్ళ సర్వీసు తీసుకెళ్ళి నీళ్ళలో పడేస్తావా?"

"పడేస్తానన్లేదు నాన్నా. అడిగారని చెప్పా."

"నేను ఏడాదిన్నర ఆగా. ఆగితే పిలిచారు. పిలుస్తారు. కొండలో ఇనుము ఎక్కడికీ పోదు."

"అప్పుడు అమ్మ ఆసుపత్రిలో చేసేది."

"మార్నీ బడిలో చెయ్యడం లేదా?"

నా సంగీతం పోస్టు సగం రోజుది. గని కుటుంబాలు ఊరు విడిచిపోతే బడిలో మొదట ఎగిరిపోయేది సంగీతమేనని మాకు ముగ్గురికీ తెలుసు. నేను నిమ్మరసం జగ్గు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఎవరి గ్లాసులో పోసినా ఒకరి పక్షం తీసుకున్నట్టవుతుందని జగ్గు మెట్ల చోట అంచు మీద పెట్టేసి లోపలికి వచ్చేశాను.

ఆగస్టుకి డెక్ అయిపోవాలి. అవలేదు. ఒకరోజు లైబ్రరీ నుంచి వచ్చి చూస్తే, ముందురోజు బిగించిన పలకల వరస గడ్డిలో ఉంది. జోయెల్ మోకాళ్ళ మీద కూర్చుని మిగతా వాటి మరలు విప్పుతున్నాడు.

"ఏమైంది?"

"సందులు సమంగా లేవు."

"నిన్న బానే ఉన్నాయిగా."

"కంటికి బానే ఉన్నాయి."

పెన్సిల్ మందం సందు ఉండాలని పలక పలకకీ మధ్య పెన్సిల్ పెట్టి మళ్ళీ బిగించాడు. రెండు రోజుల తర్వాత ఆ పక్క వరస విప్పాడు. తర్వాత రెయిలింగ్. నేను మళ్ళీ గళ్ళ కాగితం తీసి, దీపాలకి ఏ రంగు గాజు బావుంటుందని అడిగాను. నీ ఇష్టం అన్నాడు. రూడీ బడ్జెట్‌లో దీపాలు లేవన్న సంగతి కూడా గుర్తు చెయ్యలేదు. అప్పుడు అర్థమైంది నాకు. పని అయిపోతే ఇక చెయ్యడానికి మిగిలేది ఎదురుచూడటం ఒక్కటే. అందుకని పని అవనివ్వడం లేదు.

మునిసిపాలిటీ తనిఖీ ఆయన వచ్చాడు. స్తంభాలు తట్టి, దూలాలు చూసి, చివరికి రెయిలింగ్‌లో మెట్ల కోసం వదిలిన ఖాళీ దగ్గర ఆగాడు.

"ప్లానులో మెట్లున్నాయి" అన్నాడు.

"ఉన్నాయి" అన్నాడు జోయెల్.

ఆయన కూడా ఆ ఊరివాడే. బకెట్ మీద కూర్చున్న రూడీని చూశాడు, పక్కింటి డెక్‌ని చూశాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఆఖరి సంతకం తర్వాత పెడతాలే. పిలుపొచ్చాక ఫోన్ చెయ్యి. అందాకా ఆ ఖాళీకి ఏదైనా అడ్డం పెట్టు, ఎవరైనా పడతారు."

జోయెల్ గ్యారేజీలోకి వెళ్ళి, తలుపు నుంచి పీకిన పాత చెక్కే తెచ్చి ఆ ఖాళీకి అడ్డంగా కొట్టాడు. రెండు నెలల చాకిరీకి ఆ చెక్క నాలుగు గజాలు ముందుకి జరిగింది, అంతే. మర్నాడు పొద్దున కాఫీ కప్పుతో వెళ్ళి దాని మీద మోచేతులు ఆనించబోయి, ఎందుకో ఆనించలేక వెనక్కి వచ్చేశాను.

* * *

ఇర్మా నన్ను కాఫీకి పిలిచింది ఆ వారంలోనే. వాళ్ళ వంటింట్లోంచి డెక్ మీదికి వెళ్ళి కూర్చున్నాం. కింద పెరట్లో ఆవిడ టమాటా మొక్కలు గుత్తులుగా ఎర్రబడి ఉన్నాయి. రెయిలింగ్ మీంచి వంగితే అందేటంత దగ్గరగా కనిపిస్తాయి, అందవు.

"నీళ్ళు ఎలా పోస్తారు?" అని అడిగాను.

"వీధి గుమ్మంలోంచి బయటికెళ్ళి, గ్యారేజీ చుట్టూ తిరిగి. డాక్టరు రోజూ నడవమన్నాడు. అదే నా నడక."

"వాల్ట్‌ని అడగలేదా ఎప్పుడూ? మెట్లు కట్టమని?"

ఇర్మా రస్కు ముక్క కాఫీలో ముంచి, నాననిచ్చి, తింది. "మొదటి ఏడాది అడగబుద్ధి కాలేదు. రెండో ఏడు అడిగితే ఏమనుకుంటాడో అనుకున్నా. మొగుణ్ణి ఆ మాట అడగడమంటే, నీకిక పిలుపు రాదురా అని మొహాన చెప్పడమేగా. తర్వాత అలవాటైపోయింది, గురకలాగ. మంచు తోసేవాడు, బడి ఊడ్చేవాడు, పిల్లల్ని చదివించాడు. ఏ పనికీ సిగ్గుపడలేదు పాపం. కానీ ఎవరైనా ఏం చేస్తుంటావు అంటే లేఆఫ్‌లో ఉన్నా అనేవాడు. తల నెరిశాక కూడా అదే చెప్పేవాడు."

గాలికి గంటలు మోగాయి.

"చెక్కలు కొన్నాడమ్మాయ్. గ్యారేజీలో అటక మీద ఉన్నాయి ఇప్పటికీ. చివర్లో చక్రాల కుర్చీలో పడ్డాక, పెరట్లోకి తీసుకెళ్ళమనేవాడు. వీధిలోంచి చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవాళ్ళం. అప్పుడు కూడా అన్లేదు, మెట్లుంటే బావుండేదని. నేనూ అన్లేదు."

"నేను అడుగుతా జోయెల్‌ని" అన్నాను.

"అడగకు. నీ నోట్లోంచి వస్తే అది అలాగే వినిపిస్తుంది వాడికి."

"మరి ఎవరడగాలి?"

ఇర్మా ఇంకో ముక్క తీసుకుంది. మా డెక్ వైపు, దాని ఖాళీకి అడ్డంగా కొట్టి ఉన్న పాత చెక్క వైపు చూస్తూ తిన్నది. "అది నేనింకా ఆలోచించలేదు" అంది.

* * *

లేబర్ డే నాడు ఎండ బాగా కాసింది. మర్నాటినుంచి నాకు బడి. డెక్ మీద సాసేజీలు కాలుద్దామని రూడీ పొయ్యి తెచ్చారు. బొగ్గులు రాజుకుంటుండగా జోయెల్‌కి యూనియన్ నుంచి ఫోన్ వచ్చింది. విని, సరే, థాంక్స్ అని పెట్టేశాడు.

"ఏంటి?" అన్నారు రూడీ.

"కొందర్ని పిలిచారు. తొమ్మిదేళ్ళ వాళ్ళ దాకా. మిగతా వాళ్ళకి వసంతంలో ఉండొచ్చట."

"చూశావా? తొమ్మిది దాకా వచ్చింది. ఇక నీదే. వసంతమెంత దూరం?"

జోయెల్ సాసేజీలు తిప్పాడు. తిప్పినవే మళ్ళీ తిప్పాడు. వసంతం ఎంత దూరమో ఆ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇంకా మంచే మొదలవలేదు. రేపు పొద్దున్న డులూత్‌కి ఏదో ఒకటి చెప్పాలన్నది మా ముగ్గురి నాలుకల మీదా ఉంది.  నేను బంగాళాదుంపల సలాడ్ కలిపి, కలిపిందాన్నే కలుపుతున్నాను.

ఇర్మా వచ్చింది. వీధి వైపు నుంచి వచ్చి, మా ఇంట్లోంచి నడిచి, గుమ్మం దాటి డెక్ మీదికి. చేతిలో రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన తీపి పళ్ళెం. కుర్చీలో కూర్చుని, కాలితో పలకల్ని నొక్కి చూసి, "సందులు సమంగా ఉన్నాయి" అంది. జోయెల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ ఒక సాసేజీ పూర్తిగా తిన్నది. వేళ్ళు తుడుచుకుంది.

"జోయెల్, నీకు తీరికుంటే నా డెక్‌కి మెట్లు కట్టిపెట్టు."

రూడీ పళ్ళెం ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టారు. వాల్ట్, ఆయనా ఒకే గ్యాంగులో పని చేసినవాళ్ళు. ఒకే రోజు లేఆఫ్ అయినవాళ్ళు.

"ఇర్మా" అన్నారు.

"ఏంటి రూడీ. వాల్ట్‌కి పిలుపు ఇక రాదులే."

బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు చెప్పింది. చెప్పి, గరిటెడు సలాడ్ వేసుకుంది. "చెక్కలు అటక మీద ఉన్నాయి. కొయ్యడానికి గీతలు కూడా గీసిపెట్టాడు ఆయన. మంచు పడేలోగా అయితే చాలు. నా మోకాళ్ళకి ఇక ఆ చుట్టూ తిరగడం కుదరట్లేదు."

 పొయ్యిలో కొవ్వు కారి చిటపటమంది. జోయెల్ పట్టకారు పట్టుకుని, రెయిలింగ్ అవతల ఆవిడ డెక్ వైపు చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో, సాసేజీలు ఒక వైపు మాడాయి. రూడీ టోపీ తీసి, లోపల ఏదో ఉన్నట్టు వెతికి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ గీతలు నమ్మకు" అన్నారు చివరికి, గొంతు సవరించుకుని. "వాల్ట్ లెక్క ఎప్పుడూ అంగుళం తప్పే. ఆ చెక్కలు కొన్న రోజు నేను పక్కనే ఉన్నా. అప్పుడే చెప్పా వాడికి."

"మళ్ళీ కొలుస్తాలే నాన్నా."

"కొలువు."

జోయెల్ మాడిన సాసేజీలు తన పళ్ళెంలో వేసుకుని, బాగున్నవి నా పళ్ళెంలో వేశాడు. నా పక్కన కూర్చున్నాడు. మోకాలికి మోకాలు ఆనింది. కొట్లో తేవాల్సిన సరుకులు చెప్పినట్టు, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"రేపు పొద్దున్నే డులూత్‌కి ఫోన్ చేసి, వస్తానని చెప్తా. అదయ్యాక ఇర్మా మెట్లు. వెలుతురుంటే సాయంత్రం మనవి."

  అంత సంతోషానికి నవ్వాలో ఏడవాలో తెలియక, పళ్ళెం చాటున అతని చెయ్యి గట్టిగా పట్టుకుని రూడీ వైపు చూశాను.

రూడీ చాలాసేపు సాసేజీ కోసుకుంటూనే ఉన్నారు. ముక్కలన్నీ సమంగా కోశారు.

"మూలమట్టం నా దగ్గరుంది, తెస్తా" అన్నారు. "నువ్వు ఫోన్ చేసే వేళకి నేను పక్కింట్లో అటక మీంచి చెక్కలు దింపుతూ ఉంటా."